ఈక్వేషన్ ఎడిటర్: 17 ఏళ్ల లొసుగు

ఇంటర్ లెక్కల ప్రశ్నపత్రాలు కొట్టి బతికిన మాలాంటి డీటీపీవాళ్లకు ఈక్వేషన్ ఎడిటరే కుడిభుజం. వర్డ్‌లో ఇన్సర్ట్, ఆబ్జెక్ట్ నొక్కి దాన్ని తెరిస్తే భిన్నాలు, వర్గమూలాలు, మాత్రికలు, సమాకలనులు అన్నీ చేతికందేవి. దాని చరిత్ర మాబోటివాళ్లు చెప్పుకోవాల్సిందే.

దాన్ని తయారుచేసింది కాలిఫోర్నియాలోని డిజైన్ సైన్స్ సంస్థ. తన మ్యాథ్‌టైప్‌ను కుదించి మైక్రోసాఫ్ట్‌కు ఇచ్చింది. ఆఫీస్ 2007లో మైక్రోసాఫ్ట్ సొంత సమీకరణాల సాధనం తెచ్చుకున్నా, పాత ఫైళ్ల కోసం దీన్నీ ఉంచింది. 2000లో కంపైల్ చేసిన ప్రోగ్రామే కొత్త ఆఫీసులన్నింటిలోకీ వస్తూ పోయింది.

2017లో ఎంబెడీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు అందులో లొసుగు పట్టుకున్నారు. సమీకరణంలోని ఫాంటు పేరును మెమరీలోకి ఎత్తేటప్పుడు దాని పొడవెంతో ఆ ప్రోగ్రాం చూసుకోదు. కావాలని పొడవాటి పేరు పెడితే అది కేటాయించిన చోటు దాటి పొర్లుతుంది, దాడి చేసేవాడి ఆదేశాలు నడుస్తాయి. మాక్రోలకు అనుమతివ్వక్కర్లేదు. ప్రొటెక్టెడ్ వ్యూ (మార్పులకు వీల్లేకుండా ఫైలును చూపే రక్షణ) దాటి ఫైలు తెరిస్తే చాలు. పైగా ఎడిటర్ వర్డ్‌తో సంబంధం లేకుండా విడి ప్రోగ్రాంగా నడిచేది. వర్డ్‌కు తర్వాత కట్టిన రక్షణలు దానికి అందలేదు.

నవంబరు 14న మైక్రోసాఫ్ట్ నుంచి ప్యాచ్ వచ్చింది. జీరోప్యాచ్ అనే భద్రతా బృందం పరిశోధకులు ఎడిటర్ పాత, కొత్త ప్రోగ్రాం ఫైళ్లను పోల్చి చూస్తే ఫంక్షన్లన్నీ పాత చిరునామాల్లోనే ఉన్నాయి. సోర్స్ కోడ్ దిద్ది మళ్లీ కంపైల్ చేస్తే అలా ఉండవు. ఎవరో మెషీన్ కోడ్‌నే చేత్తో దిద్ది, పొడవు సరిచూసే ఆదేశాలను ఉన్న చోట్లోనే ఇమిడ్చారని వాళ్లు తేల్చారు. పట్టుచీర చిరుగుకు ఆనవాలు తెలియకుండా రఫూ చేసినంత పనితనం అది. ఆ చేతులకు దండం పెట్టాలి.

ఆ వెంటనే మరో లొసుగు బయటపడింది. 2018 జనవరి అప్‌డేట్‌తో ఎడిటర్‌నే తీసేశారు. దాంతో మా పాత పేపర్లలో సమీకరణాలు కనిపించేవి గానీ, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునేవి కావు. ఒక్క అంకె మార్చాలన్నా సమీకరణమంతా మళ్లీ కొట్టాల్సి వచ్చేది. కష్టమే, అయినా తీసేయడమే సరి. 2016 నుంచి 2019 వరకు దాడులకు ఎక్కువగా వాడిన లొసుగుల జాబితాను 2020 మేలో అమెరికా ప్రభుత్వ సంస్థలు ప్రకటిస్తే, 2017 నాటి ఆ మొదటి లొసుగు అందులో ముందువరుసలో ఉంది. ప్యాచ్ వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది!

పాత ఫైళ్ల మీద గౌరవంతో పాత ప్రోగ్రాంను ఉంచడం మంచిదే. అయితే దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషినీ ఉంచాలి. మన జిరాక్సు షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఇంకా పాత ఆఫీసు నడుస్తుంటే ఈరోజే అప్‌డేట్ వేయించండి. సమీకరణాలు మళ్లీ కొట్టుకోగలం.