ఏడు ఊళ్ల లెక్క, సుబ్బారావుగారి అణువు

పదో తరగతి లెక్కల పరీక్ష మొదటిసారి తప్పిన రోజు, ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లక టైడా స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాను. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు. మన కొత్తవలస–కిరండూల్ లైను మీద ఏ ఊరి తర్వాత ఏ ఊరో ఆలోచించక్కర్లేదు. అదే ఊళ్ల మధ్య అడ్డదిడ్డంగా దారులుంటే? ప్రతి ఊరినీ ఒక్కసారే తాకుతూ అన్నీ చుట్టి చివరి ఊరు చేరే దారి ఉందా? ఊళ్లు పెరిగేకొద్దీ ఈ లెక్కకు పెద్ద కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి.

ఇంజనీరునయ్యాక, ఈ లెక్కను పరీక్షనాళికలో చేసినాయన గురించి చదివాను. 1994లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లియొనార్డ్ ఏడల్‌మన్ ఏడు ఊళ్లు, 14 దారులు తీసుకున్నాడు. ఒక్కో ఊరికి 20 అక్షరాల డీఎన్‌ఏ పోగు పేరు. బయలుదేరే ఊరి పేరులో చివరి సగం, చేరే ఊరి పేరులో మొదటి సగం కలిపితే దారి. ఊరి పేరుకు జతపడే పోగు రెండు దారుల కొసలను పక్కపక్కన పట్టుకుంటే, లైగేజ్ అనే ఎంజైము వాటిని అతికేస్తుంది. అణువులు అన్ని దారులనూ ఒకేసారి వెతికేశాయి. తప్పు దారులను ఏరిపారేసి సరైనదాన్ని పట్టడానికి మాత్రం ప్రయోగశాలలో వారం పట్టింది.

ఆ అతుకు ఊరికే పడదు. ఒక్కో అతుకుకూ ఒక ఏటీపీ అణువు ఖర్చు. మన ఒంట్లో కండరం కదలాలన్నా చెల్లించే నాణెం అదే. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడు.

ఆ నాణెం ఎంత చిన్నదంటే, ఒక జౌలు శక్తితో 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని అతుకులు వేయవచ్చని ఏడల్‌మన్ లెక్కగట్టాడు. ఒక బిట్టును చెరపాలంటే ఇంత శక్తి తప్పదని 1961లో రాల్ఫ్ లాండవర్ చూపిన హద్దుకు అది దాదాపు 17 రెట్లే.

అయితే 200 ఊళ్లకు ఇదే పద్ధతి పాటిస్తే భూమి బరువును మించిన డీఎన్‌ఏ కావాలని యూరిస్ హార్ట్‌మానిస్ 1995లో తేల్చాడు. అందుకే మన బల్లల మీద ఇంకా సిలికాన్ కంప్యూటర్లే ఉన్నాయి.

నేను రెండోసారికి గట్టెక్కాను. సుబ్బారావుగారు మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజే తెలిసుంటే, స్టేషన్‌లో చీకటి పడేదాకా కూర్చునేవాణ్ని కాదు. మాస్టార్లూ, ఈ ఏడాది ఎవరైనా పరీక్ష తప్పితే, ఇంటికి పంపే ముందు ఈ సంగతి ఒకసారి చెప్పండి.