గడిలో పెళ్ళి షూట్: ఆ గోడల మధ్య ఎవరి కథ ఉంది?

మన మనూర్, నారాయణఖేడ్ వైపు ఈ మధ్య పెళ్ళి కుదరగానే వచ్చే మొదటి ప్రశ్న ఏంది? ప్రీ వెడ్డింగ్ షూట్ ఎక్కడ అని. పాత కోటైనా, పాత గడైనా ఓకే. పెద్ద దర్వాజ, రాతి మెట్లు, ముందర డ్రోన్ ఎగరడానికి జాగా ఉంటే చాలు. ఫోటోలు మస్తు వస్తాయి. నేను వద్దనట్లేదు. కానీ ఆ గోడల వెనక ఏం జరిగిందో తెలుసుకొని ఫోటో దిగుదాం. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు కొంచెం దూరం పోయొద్దాం. ఇంగ్లండ్‌లో లేకాక్ అబీ అని ఒకటుంది. 1232లో ఎలా అనే ఒక జమీందారిణి క్రైస్తవ సన్యాసినుల కోసం కట్టించిన మఠం అది. మూడు వందల ఏళ్ళు అట్లనే నడిచింది. తర్వాత రాజు ఎనిమిదో హెన్రీ దేశంలోని మఠాలన్నీ మూయించి ఆస్తులు తీసుకున్నాడు. 1539లో లేకాక్ వంతు వచ్చింది. దాన్ని కొన్న పెద్దమనిషి చర్చిని కూలగొట్టి, మిగిలినదాన్ని తన ఇల్లుగా మార్చుకున్నాడు.

అదే ఇంట్లో 1835లో ఫాక్స్ టాల్బట్ అనే ఆయన ఒక కిటికీని ఫోటో తీశాడు. తపాలా బిళ్ళంత చిన్న నెగెటివ్. ఇప్పటికీ మిగిలి ఉన్న ఫోటో నెగెటివ్‌లలో అన్నిటికంటే పాతది అదే. మీ చేతిలో ఉన్న ఫోన్ కెమెరాకు ముత్తాత అనుకోండి. 1944లో ఆ కుటుంబం ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేసింది. మొదటి హ్యారీ పోటర్ సినిమాలో బడి వరండాలు కొన్ని అక్కడ తీసినవే. ఇప్పుడు టికెట్ కొని లోపలికి పోతే సినిమా గురించి తెలుస్తది, సన్యాసినులు నడిచిన వరండా కూడా కనిపిస్తది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గడి అంటే దొర, దేశ్‌ముఖ్ ఉండే కోటలాంటి ఇల్లు. నిజాం కాలంలో పన్ను, పంచాయితీ, శిక్ష అన్నీ అక్కడినుంచే. గడి ముందర నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతిలో పట్టుకోవాలి. కూలి లేకుండా చేసే పనిని వెట్టి అనేవాళ్ళు. దొర ఇంట్లో పెళ్ళైతే ఖర్చు ఊరి మీద పడేది. గొల్లకుర్మలు గొర్రెలు, గౌండ్లవాళ్ళు కల్లు, కుమ్మర్లు కుండలు, సాలెవాళ్ళు బట్ట ఇయ్యాలి. రైతులు పైసలు కట్టాలి. దొరబిడ్డ అత్తగారింటికి పోతుంటే ఆమె వెంట కొందరు ఆడపిల్లల్ని దాసీలుగా పంపేవాళ్ళు. ఆ పిల్లకు ఇష్టం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు.

అంటే అప్పట్లో గడిలో పెళ్ళంటే ఊరికి భయం. ఇప్పుడు అదే గడి ముందర నిలబడి పెళ్ళి ఫోటో దిగుతున్నాం. మధ్యలో ఏం జరిగింది?

1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వస్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటం అక్కడినుంచి పెద్దదైంది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినాయి. హెన్రీ కాలంలో మఠాలకు పట్టిన గతే మన గడీలకు పట్టింది అనొచ్చు. తేడా ఏందంటే, అక్కడ రాజు ఒక్క హుకుంతో మూయించాడు, ఇక్కడ ఊళ్ళే తిరగబడ్డాయి.

తర్వాత ఒక్కో భవనం ఒక్కో దారి పట్టింది. వనపర్తి రాజుల ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ కాలేజీ మొదలైంది. 1884లో వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఫలక్‌నుమా, తర్వాత నిజాం చేతికి వచ్చి, 2010లో తాజ్ హోటల్ అయింది. మన పక్క కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను బాగుచేసుకున్నందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో గుర్తింపు దక్కింది. ఇంకెన్నో గడీలు మాత్రం పైకప్పు కూలి, లోపల తుమ్మచెట్లు మొలిచి పడున్నాయి.

సినిమా వాళ్ళు కూడా గడి వైపు చూశారు. బి. నర్సింగ్ రావు నిర్మాతగా, గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' ఈ పోరాటం కథే. 1988లో నర్సింగ్ రావు తీసిన 'దాసి'లో గడిలోని ఒక పనిపిల్లే కథానాయిక. ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి, ఆ పాత్ర చేసిన అర్చనకు ఉత్తమ నటి అవార్డు కూడా. గమనించండి, అందులో గడి అందమైన బ్యాక్‌గ్రౌండ్ కాదు. కెమెరా దొర కుర్చీ దగ్గర ఆగకుండా, వంటింట్లో, వాకిట్లో పనిచేసే మనిషి దగ్గరికి పోయింది.

కొందరు అంటారు, అంత దౌర్జన్యం జరిగిన ఇండ్లు కూలిపోతేనే మంచిది అని. ఆ కోపం నాకు అర్థమైతది. కానీ గోడలు పోతే సాక్ష్యం కూడా పోతది. వాడకపోతే ఏ పాత ఇల్లూ నిలబడదు కాబట్టి పెళ్ళిళ్ళు, షూటింగులు జరగనీయండి, వచ్చే కిరాయితో పైకప్పు నిలుస్తది. అయితే గేటు దగ్గర బోర్డు మీద కట్టించిన దొర పేరొక్కటే ఉంటే సరిపోదు. రాళ్ళు మోసినవాళ్ళ గురించి, వెట్టి గురించి కూడా రాయాలి.

ఇంకో మాట. 1948లో పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. మీ తాతో, అమ్మమ్మో, పక్కింటి పెద్దవ్వో ఉంటే ఈ ఆదివారం పోయి కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి అడగండి: గడిలో మనోళ్ళు ఏం పని చేసేవాళ్ళు? ఏమన్నా ఇచ్చేవాళ్ళా? ఆ పని ఎప్పుడు ఆగింది? పది నిమిషాలు చెప్పినా చాలు, దాచిపెట్టుకోండి. షూట్‌కు వచ్చే సంవత్సరం కూడా పోవచ్చు, గడి ఎటూ పోదు. పెద్దవ్వ అప్పటికి ఉంటదో లేదో.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.