బోర్లా తిప్పి చూడాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను మేమంతా సీటీసీ అంటాం. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే లాప్‌టాప్‌లు విప్పుతూ, బిగిస్తూ బతుకుతున్నాను. కొత్త మోడల్ చేతికిస్తే అందరూ మూత తెరిచి తెర చూస్తారు. నేను బోర్లా తిప్పి అడుగు చూస్తాను. నాకు తెలిసిన లాప్‌టాప్ చరిత్ర అంతా అడుగునే ఉంది.

1981లో అమెరికాలో వచ్చిన ఆస్‌బోర్న్ 1 సుమారు 11 కిలోలు. ఐదంగుళాల తెర, బ్యాటరీ లేదు, గోడ ప్లగ్గు దొరికితేనే పని. మోసుకెళ్లగలిగే కంప్యూటరని దాన్నే అమ్మారు, పాపం! దాన్ని నేను ఫొటోలోనే చూశాను. నేను స్క్రూడ్రైవర్ పట్టింది 2003లో, ఇంటెల్ సెంట్రినో వచ్చిన ఏడాది. వైఫై కోసం విడిగా కార్డు గుచ్చక్కర్లేదనేది అప్పట్లో పెద్ద విశేషం.

ఆ రోజుల్లో యంత్రాల అడుగున చిన్న చిన్న తలుపులుండేవి. ఒకటి ర్యామ్‌కు, ఒకటి హార్డ్ డిస్క్‌కు. 2007లో విండోస్ విస్టా వచ్చాక మాకు రోజూ పండగే. 512 ఎంబీతో కొన్న లాప్‌టాప్‌లన్నీ ఎడ్లబండి నడక నడుస్తుంటే జనం ర్యామ్ పెంచమని మా కౌంటర్ ముందు నిలబడేవాళ్లు. ముందు బ్యాటరీ ఊడదీయాలి. తలుపు మర తిప్పాలి. రెండు పక్కలా క్లిప్పులు విడదీస్తే పాత ర్యామ్ తనే ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తదాన్నీ అదే వాలులో దూర్చి, వేలితో కిందికి నొక్కితే 'టక్'మని కూర్చుంటుంది. డీడీఆర్2 గాటు ఒకచోట, డీడీఆర్3 గాటు ఇంకోచోట ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి బలవంతాన కూడా ఎక్కదు. ఎక్కించబోయి స్లాట్ విరగ్గొట్టినవాళ్లూ ఉన్నారు, మొదటి నెలలో నాతో సహా. లాప్‌టాప్ ఆన్ కావడం లేదని తెచ్చినవాటిలో కొన్నింటికి మందు స్కూలు పిల్లల రబ్బరే. ర్యామ్ అంచున బంగారు రంగు గీతలమీద నాలుగుసార్లు రుద్ది పెడితే తెర వెలిగేది. ఆ పనికి డబ్బు తీసుకోవడానికి మొహమాటపడేవాణ్ని.

ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీల కాలం. డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో క్యాడీ పెట్టి, పాత హార్డ్ డిస్క్‌ను అందులోకి మార్చి, దాని చోట ఎస్‌ఎస్‌డీ వేసేవాళ్లం. అయిదేళ్ల యంత్రం కొత్తదాన్ని వెక్కిరించేది. థింక్‌ప్యాడ్ టీ420లో అయితే ఒక్క మర విప్పితే డిస్క్ చేతిలోకి జారుతుంది. నన్నడిగితే లాప్‌టాప్ తయారీలో అదే ఉచ్చదశ.

తలుపులు మూసుకోవడం మాత్రం అప్పటికే మొదలైంది. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ వేదికమీద కాగితపు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీశాడు. సన్నదనం చూసి లోకం చప్పట్లు కొట్టింది. దాని ర్యామ్ మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంది. 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రో కూడా అదే దారి పట్టింది, తర్వాత మిగతా కంపెనీల సన్న మోడళ్లు వరసకట్టాయి. అంతా కుట్ర అనలేను. తక్కువ కరెంటు తాగే ర్యామ్ ప్రాసెసర్ పక్కనే అతుక్కుని ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. సన్నగా కావాలని అడిగిందీ మనమే. కానీ కొన్నరోజే చివరిరోజుకు కూడా లెక్క కట్టుకోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు.

పోల్చడం కూడా అప్పటినుంచే చిక్కయింది. "ఐ5 అంటే ఐ5 గదన్నా, గిది అగ్గువకు వస్తున్నది" అంటారు. 2017లో ఐ5-7200యూ, ఐ5-8250యూ రెండూ పక్కపక్కనే అమ్మాం. మొదటిది ఏడో తరం, కోర్లు రెండు; రెండోది ఎనిమిదో తరం, కోర్లు నాలుగు. పెట్టెమీద స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఐ5. ఆ తేడా నాలుగేళ్లకు బయటపడింది. 2021లో విండోస్ 11 వచ్చి, ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే రానిస్తానంది. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేసి నేను గుర్రంలా పరిగెత్తించిన ఏడో తరం యంత్రాలు గడప బయటే ఉండిపోయాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ఆగింది. అడుగు విప్పి బాగుచేయగల జబ్బు కాదది.

ఇప్పుడు కొనేవాళ్లకు మొదటే చెబుతాను: ర్యామ్ స్లాటా, టంకమా అడగండి. టంకమైతే అప్పు చేసైనా 16 తీసుకోండి.

నా కౌంటర్ కింద స్వీట్ల డబ్బా నిండా పాత ర్యామ్‌లున్నాయి. డీడీఆర్3 కోసం ఇంకా ఎవరో ఒకరు వస్తుంటారు. డీడీఆర్2 అడిగినవాళ్లు కనబడి ఏళ్లయింది. దసరాకు స్క్రూడ్రైవర్లతోపాటు వాటికీ బొట్టు పెడతాను. ఈసారి పారేద్దామనుకుంటాను. పూజయ్యాక డబ్బా తుడిచి మళ్లీ కౌంటర్ కిందికే తోస్తాను.