‘మళ్ల పడ్తవ్’: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

“నాయినా, ఒక్కనివే లేవకు, మళ్ల పడ్తవ్. నేనొచ్చేదాక ఆగు.”

పక్షవాతం వచ్చి దవాఖాన నుంచి ఇంటికొచ్చిన తండ్రితో, పొలానికి పోతూ కొడుకు చెప్పే మాట ఇది. తిరుమలగిరి చుట్టుపక్కల ఊళ్లల్లో ఇలాంటి మాట కొత్తేం కాదు. ప్రేమతో అన్నదే. అయినా విడదీసి చూడాలి.

పడ్తవ్: ముందుగా ఈ పదమే. మన వైపు ‘పక్షవాతం’ అనడం కన్నా ‘కాలు చెయ్యి పడిపోయినయ్’ అనడమే ఎక్కువ. రోగానికీ, నేల మీద కూలడానికీ ఒకటే మాట. అందుకే జబ్బు చేసిన మనిషి చెవికి ‘పడ్తవ్’ అంటే దెబ్బ తగులుతుందని మాత్రమే కాదు, ఈసారి రెండో పక్క కూడా పోతుందని వినిపిస్తుంది. నిజానికి కింద పడినందుకు పక్షవాతం తిరగబెట్టదు. అది మెదడు రక్తనాళం పూడుకుపోతేనో, చిట్లితేనో వచ్చేది. దాన్ని ఆపేది బీపీ, షుగర్ అదుపు, మానకుండా వేసుకునే మందులు. ఈ రెండు ‘పడటాల’నూ వేరుచేసి చెప్పడమే భయానికి మొదటి మందు. అయితే రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలినా, కొత్తగా మూతి వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాల్సిందే.

భయపడి నడక మానితే కండ కరుగుతుంది, కాలు ఇంకా తూలుతుంది, పడే అవకాశం పెరుగుతుంది. 1990లో అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టి, ఆమె తోటివారు ఈ భయాన్ని కొలవడానికి పది ప్రశ్నలు తయారుచేశారు. ‘భయమేస్తుందా’ అని కాదు. స్నానం, మంచం దిగడం, బట్టలు కట్టుకోవడం వంటి ఒక్కొక్క పని పడకుండా చేయగలనన్న ధీమా ఎంత అని. మనమూ అలాగే అడగాలి. ఒకరికి వాకిట్లో ధైర్యమే, బాత్రూంలో వణుకు. తడిసిన షాబాదు బండ మీద ఆ వణుకు న్యాయమైనదే. అక్కడ ధైర్యం చెప్పి లాభం లేదు. బండ తుడవాలి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి.

మళ్ల: మొదటిసారి ఎక్కడ పడ్డాడో చూడాలి. అది గడప దగ్గరే కావచ్చు. పక్షవాతం తగిలిన పాదం ముందుభాగం పైకి లేవదు, వేళ్లు నేలను రాస్తాయి. పైగా పసుపు పూసిన గడపను తొక్కొద్దు, దాటాలి. పాదం ఇంకా ఎత్తాలన్నమాట. మంచి చేత్తో దర్వాజ పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, అటు దిక్కు నేలను చూసి దాటడం రోజూ పదిసార్లు చేయిస్తే చాలావరకు కాలికి అలవాటవుతుంది. మెట్లకైతే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చచ్చుబడిన కాలు ముందు. చేతికట్టె మంచి చేతిలో.

లేవకు: నులక మంచం నడుమ కుంగి ఉంటుంది, అందులోంచి లేవడం బలమున్నవాడికే కష్టం. గట్టి బల్ల మీద, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్లను దాటేలా ముందుకు వంగితే ఒళ్లు తేలిగ్గా లేస్తుంది. లేచాక కాసేపు నిలబడాలి, తల తిరుగుతుందేమో చూసుకోవాలి.

ఒక్కనివే: తోడుండేవాళ్లు చచ్చుబడిన పక్కన నిలవాలి. ఆ చెయ్యి పట్టి గుంజొద్దు, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకోవాలి.

నేనొచ్చేదాక ఆగు: అంటే బరువంతా ఇంటివాళ్లదేనన్నమాట. మన దేశంలో 14 ఆస్పత్రుల్లో 1250 మంది పక్షవాత రోగులతో జరిగిన ‘అటెండ్’ పరిశోధన ఫలితం 2017లో వచ్చింది. ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పినంత మాత్రాన ఆరునెలల తర్వాత మరణాలు గానీ, పరాధీనత గానీ తగ్గలేదు. కాబట్టి భారమంతా కొడుకు మీద, కోడలి మీద వేసి ఊరుకోవడం అన్యాయం. ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలి, సర్కారూ చెయ్యి అందించాలి. తెలంగాణలో పింఛన్లకు పెట్టిన పేర్లు చూడండి: ఒకటి ఆసరా, ఇంకొకటి చేయూత. రెండూ లేవలేని మనిషి కోరుకునేవే.

ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పించాల్సింది ఇంకొకటుంది: పడితే లేవడం. మంచి పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, బరువైన కుర్చీ పట్టుకుని, మంచి కాలు ముందుకు మోపి పైకి. కింద బొంత పరిచి, కొడుకు పక్కనే కూర్చుని, ముందు మోకాళ్ల దాకా దిగి లేవడం, రెండు రోజులయ్యాక మోచేతి దాకా. అలా ఒకరోజు నేల దాకా వెళ్లి తనంతట తాను కుర్చీలోకి వచ్చిన తండ్రిని, మర్నాడు పొలానికి పోతూ ఆ కొడుకు ఏమంటాడో వినాలి.