కల్వకుర్తి పెళ్లి ఫోటోలో సెన్సార్ వాటా ఎంత?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే కల్వకుర్తి స్టూడియోల్లో ఒక చర్చ లేవక మానదు. పాత కెమెరా బాడీతోనే ఈ ఏడాది లాగించాలా, అప్పు చేసైనా కొత్తది తేవాలా? "అన్నా, దీన్ల రాత్రిపూట గ్రెయిన్స్ తక్కువొస్తయంట, సూడు" అంటూ ఒక కుర్రవాడు ఫోనులో రెండు కెమెరాల సెన్సార్ మార్కులు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. తేడా మూడు నాలుగు మార్కులు. దాని కోసం ఏడాది పొడవునా కిస్తీలు కట్టడానికి సిద్ధపడేవాళ్లు నాకు తెలుసు. ఆ కిస్తీలు వాళ్ల ఇంటి ఖర్చుల్లోంచే పోతాయి కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. ఆ మూడు మార్కులు ఫోటోలో కనపడతాయా అంటే, కనపడవనే నా జవాబు. అయితే ఇది ఈ పది పన్నెండేళ్లకు చెల్లే జవాబు. అంతకుముందు, కాంతిని పట్టే పదార్థాన్ని బట్టే అసలు ఫోటో ఉంటుందా ఉండదా అన్నది తేలిన రోజులు చాలా ఉన్నాయి.

లాలా దీన్ దయాళ్ 1874లో ఇందోర్‌లో ఫోటోలు తీయడం మొదలుపెట్టిన నాటికి తడి ప్లేటు పద్ధతి నడుస్తోంది. గాజుపలక మీద అక్కడికక్కడే మందు పూసి, అది ఆరేలోపు ఫోటో తీసి, ఆరేలోపే కడిగేయాలి. ఊరు దాటి వెళ్తే చీకటిగదిని కూడా డేరా రూపంలో మోసుకెళ్లాలి. ఎక్స్‌పోజర్ సెకన్ల లెక్కలో ఉండేది కాబట్టి కదిలే మనిషి చెదిరిపోయేవాడు. 1870ల చివర్లో జెలటిన్ పూసిన పొడి ప్లేట్లు అమ్మకానికి వచ్చాయి. ముందే తయారై పెట్టెలో వచ్చే ఈ ప్లేట్లు తడి ప్లేట్ల కన్నా ఎన్నో రెట్లు చురుకైనవి. దీన్ దయాళ్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యే నాటికి అవి చేతికందాయి. నిజాం వేటలు, కవాతులు, ఏనుగుల ఊరేగింపులు ఫోటోలుగా మిగలడంలో ఆ ప్లేట్ల పాత్ర తక్కువేమీ కాదు. ఆ తరంలో ఒక ప్లేటుకూ మరో ప్లేటుకూ మధ్య తేడా మార్కుల్లో కొలిచేది కాదు. తడి ప్లేటైతే కదిలే బొమ్మ పడదు, పొడి ప్లేటైతే పడుతుంది.

వేగం పెరిగినా రంగుల సంగతి చాలాకాలం తేలలేదు. తొలినాటి ప్లేట్లకు నీలం కాంతే తెలుసు, ఎరుపు అసలు కనపడదు. అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం తెల్లగా పోయి ఉంటుంది, నుదుటి మీద కుంకుమ నల్లచుక్కగా దిగుతుంది. పసుపు కూడా నీలాన్ని తిప్పికొట్టదు కాబట్టి, పసుపు రాసుకున్న ముఖం ఉన్న రంగు కన్నా నల్లగా పడేది. పెళ్లికూతురిని ఫోటో తీసి ఇలాంటి బొమ్మ చేతిలో పెడితే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో ఊహించండి. రంగులద్ది ప్లేటుకు ముందు పచ్చను, తర్వాత ఎరుపును చూసే గుణం అలవాటు చేశారు. అన్ని రంగులనూ చూసే పాన్‌క్రోమాటిక్ ప్లేట్లు 1906లో బజారులోకి వచ్చాయి. మన చామనఛాయ ముఖాలకు ఇది చిన్న మార్పు కాదు. కలర్ ఫిల్మ్ వచ్చాక కూడా ప్రింట్లను సరిచూసుకోవడానికి కొడాక్ వాడిన నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లతోలు స్త్రీలే ఉండేవారు. ఆ కొలతకు సర్దిన ప్రింటులో నల్లని ముఖానికి న్యాయం జరిగేది కాదు. పదార్థంలోని లోపం మనుషుల రూపాన్నే మార్చేసిన చోట దాని గురించి ఎంత పట్టుబట్టినా తప్పు లేదు.

తర్వాత వచ్చిన ఫిల్మ్ రోజుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఇవాళ్టి గందరగోళానికి మూలం అక్కడే ఉంది. ఆ రోజుల్లో సెన్సార్ కెమెరాలో ఉండేది కాదు, రీలులో ఉండేది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 డబ్బా కెమెరాలో, ఖరీదైన జర్మన్ కెమెరాలో ఒకే రకం 120 రీలు పడేది. ఒక రీలుకు 12 బొమ్మలు. క్లిక్‌లో షట్టర్ వేగం ఒక్కటే. ఎండకో మీట, మబ్బుకో మీట. యాషికా ఉన్నవాడికీ నికాన్ ఉన్నవాడికీ కాంతిని పట్టే పదార్థం సమానమే. ఊటీలో 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ తయారుచేసింది. దిగుమతి ఫిల్మ్ కష్టంగా దొరికే ఆ కాలంలో చిన్న ఊళ్ల స్టూడియోలు నడిచింది దాని మీదే. 100 వేగం రీలు చాలకపోతే 400 వేసుకునేవారు. ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపు కాబట్టి అది రెండు స్టాపుల లాభం, అంటే నాలుగు రెట్లు. దానికి కొత్త కెమెరా కొననక్కర్లేదు.

అందుకే ఆనాటి స్టూడియోవాళ్ల పోటీ బాడీల మీద కాక పనితనం మీద సాగింది. లైటు ఏ పక్క పెట్టాలి, గదుమ ఎంత ఎత్తమనాలి, నీళ్ల చల్లదనాన్ని బట్టి రీలు ఎంతసేపు కడగాలి అన్నవే వాళ్ల విద్యలు. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవారి చెయ్యి చూడాలి: కంటికింది నలుపు మీద, బుగ్గ మీది మచ్చ మీద చుక్కలు చుక్కలుగా గ్రాఫైటు అద్దుతారు. నెగెటివ్‌లో అక్కడ చిక్కబడితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. ఒక్క గీత ఎక్కువైతే ముఖం మైదాపిండి ముద్దలా తేలుతుంది. కలర్ వచ్చాక రీళ్లు బస్సుల్లో హైదరాబాద్ ల్యాబులకు వెళ్లి ప్రింట్లుగా తిరిగొచ్చేవి, ఆ చేతిపని అక్కడితో సన్నగిల్లింది.

1989 నవంబరు ఎన్నికల్లో కల్వకుర్తి పేరు దేశమంతా వినిపించింది. ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఆ వార్త మోసిన ఆ రోజుల పత్రికల్లో బొమ్మలు అంగుళానికి సుమారు 85 గీతల జల్లిలోంచి న్యూస్‌ప్రింట్ మీదికి దిగేవి. ఫిల్మ్ ఎంత మేలైనదైనా సిరా పీల్చే ఆ కాగితం మీద సన్నని వివరమంతా కరిగిపోయేది. బొమ్మ చివరికి దేని మీద చేరుతుందో దాన్ని బట్టే సెన్సార్ విలువ అన్న లెక్క అప్పటికే ఉంది, మనం పట్టించుకోలేదంతే.

డిజిటల్‌తో పరిస్థితి తలకిందులైంది. బెల్ ల్యాబ్స్‌లో 1969లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే సెన్సార్ చిప్పును రూపొందించారు. 2009లో వారికి నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరాలో 100×100 చుక్కలే, ఒక బొమ్మ క్యాసెట్ టేపు మీదికి చేరడానికి 23 సెకన్లు. అదే సంస్థలోని బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన రంగుల అమరికలో సగం గళ్లు పచ్చకు, తక్కినవి ఎరుపుకూ నీలానికీ ఇచ్చారు. నేటికీ ఎక్కువ కెమెరాల్లో ఉన్నది అదే. నికాన్ డి1 1999లో 27 లక్షల పిక్సెళ్లతో వచ్చింది. 2003లో కేనన్ 300డి, 2004లో నికాన్ డి70 సుమారు 60 లక్షల పిక్సెళ్లను మామూలు స్టూడియోకు అందుబాటులోకి తెచ్చాయి. రీలులోని సెన్సార్ బాడీకి అతుక్కుపోయింది అప్పుడే. 'మంచి ఫిల్మ్ వేసుకుందాం' అనే దారి మూసుకుపోయి, సెన్సార్ మార్చాలంటే కెమెరానే మార్చాల్సి వచ్చింది. పోలికల పట్టికలు, మార్కులు, వాటి చుట్టూ పెరిగిన బెంగ అంతా ఇక్కడ పుట్టిందే.

ఆ మొదటి పదేళ్లలో ఆ బెంగకు న్యాయమైన కారణం ఉంది. అప్పటి కెమెరాల్లో ఐఎస్‌ఓ, అంటే రీలు వేగం లాంటి అంకె, 800 దాటితే నీడల్లో రంగు మచ్చలు తేలేవి, 1600 అంటే స్టూడియోవాళ్లు భయపడేవారు. 2007లో నికాన్ డి3 ఐఎస్‌ఓ 6400ను మామూలు వాడకంలోకి తెచ్చినప్పుడు ఫ్లాష్ లేకుండా మండపంలో ఫోటో తీయడం కుదిరింది. అప్పట్లో అప్పు చేసి బాడీ మార్చినవాళ్లను నేను తప్పుపట్టను.

2012 నాటి రెండు కెమెరాలను దగ్గర నుంచి చూస్తే తర్వాత ఏం జరిగిందో అర్థమవుతుంది. సెన్సార్లకు మార్కులు వేసే డీఎక్స్‌ఓమార్క్ ఆ ఏడాది నికాన్ డి800కు 95, కేనన్ 5డి మార్క్ 3కి 81 ఇచ్చింది. తక్కువ వెలుగులో పనితీరుకు వేసిన అంకెలు 2853, 2293. దూరం చాలా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి అది స్టాపులో మూడో వంతు. అంత తేడా కంటికి కొద్దిగానే తెలుస్తుందని మార్కులు వేసిన సంస్థే చెప్పింది. దాని లెక్కలో ఐదు మార్కులంటే మూడో వంతు స్టాపు. కుర్రవాడి ఫోనులోని మూడు నాలుగు మార్కులు అంతకన్నా తక్కువే. ఆ రెండు కెమెరాల మధ్య పెద్ద తేడా వేరే చోట ఉంది: వెలుగు నీడల పరిధిలో 14.4కూ 11.7కూ మధ్య రెండున్నర స్టాపులకు పైగా. నీడలో ముఖం నల్లగా పడితే దాన్ని కంప్యూటర్‌లో పైకి లాగినప్పుడు కేనన్‌లో గీతలు, మచ్చలు బయటపడేవి. అయినా పెళ్లి ఫోటోగ్రాఫర్ల చేతుల్లో 5డి మార్క్ 3 ఏళ్ల తరబడి నడిచింది. ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టేవాడికి అంతగా నీడ లాగే అవసరం పడలేదు.

ఇక ముందుకు పోయే చోటు కూడా తక్కువ. గ్రెయిన్స్ అని మనం అనేవాటిలో ఎక్కువ భాగం సెన్సార్ తప్పు కాదు, కాంతి స్వభావం. కాంతి కణాలుగా వస్తుంది, ఆ రాక ఎప్పుడూ సమానంగా ఉండదు. ఒక గడిలో 10,000 కణాలు పడితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. 100 కణాలే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. చీకట్లో తీసిన ఫోటో గరుకుగా ఉండటానికి కారణం ఇదే. నేటి మంచి సెన్సార్లు రంగు వడపోత దాటి వచ్చిన కాంతిలో సగానికి పైగా ఇప్పటికే పట్టేస్తున్నాయి. మిగిలినదంతా పట్టినా ఒక పూర్తి స్టాపు కూడా దక్కదు.

ఇదే లెక్క ఫంక్షన్ హాలులో చూడండి. జీలకర్ర బెల్లం వేళ తెర దించారు, చుట్టూ జనం, పైన పసుపు ఎల్‌ఈడీలు. కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్స్ దగ్గరికి లాగితే ఎఫ్/5.6కు పడిపోతుంది, ఎఫ్ అంకె పెరిగినకొద్దీ కాంతి తగ్గుతుంది. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే దాదాపు పది రెట్ల కాంతి లోపలికి వస్తుంది. బాడీ మార్చితే దక్కేది ఆ మూడో వంతు స్టాపు, అంటే పాతిక శాతం, అందులో చిన్న భాగం ఖర్చుతో దొరికే లెన్స్ మార్చితే దక్కేది పదింతలు. చిన్నదైన క్రాప్ సెన్సార్ నుంచి పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్‌కు వెళ్లినా వైశాల్యం సుమారు 366 చదరపు మిల్లీమీటర్ల నుంచి 864కు పెరుగుతుంది, అంటే ఒక స్టాపు పైచిలుకు. అది మార్కుల తేడా కన్నా ఎక్కువే, లెన్స్ ఇచ్చేదాని కన్నా బాగా తక్కువ.

హాలు దీపాలు పెట్టే అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/500 పెట్టి తలంబ్రాలు వరసగా తీస్తే ఒక ఫోటో పచ్చగా, ఇంకోటి నల్లగా, మరోదాంట్లో అడ్డంగా పట్టీలు. స్టూడియోవాళ్లు బాడీని తిట్టుకుంటారు. షట్టర్ 1/100కు దించితే చాలావరకు సర్దుకుంటుంది. పసుపు దీపాల్లో నీలం కాంతి తక్కువ కాబట్టి, రంగు సరిచేసేటప్పుడు నీలాన్ని బలవంతంగా పెంచాలి, గరుకు అక్కడ తేలుతుంది. ఒక ఫ్లాష్‌ను తెల్లటి పైకప్పుకు ఎత్తి కొడితే ఇది కూడా తగ్గుతుంది.

తీసిన ఫోటో చివరికి ఎక్కడికి పోతుంది? 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 413×531 చుక్కలు చాలు, రెండు లక్షల చిల్లర. 4×6 ప్రింటుకు 21 లక్షల పైచిలుకు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోను బాగా కుదించేస్తుంది. పెద్ద పేజీల కరిజ్మా ఆల్బమ్ ఒక్కటి మాత్రమే ఎక్కువ అడుగుతుంది. 12×36 అంగుళాల జోడు పేజీ మీద ఒకే ఫోటో పరిస్తే పూర్తి నాణ్యతకు 3 కోట్ల 88 లక్షల చుక్కలు కావాలి. ఆల్బమ్‌ను ఒళ్లో పెట్టుకుని చూసే దూరానికి అందులో సగం ఉన్నా లోటు కనపడదు.

కల్వకుర్తికి దక్షిణాన నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెట్లకు కట్టే కెమెరాలు చూస్తే సెన్సార్ మార్కుల కన్నా వాడే తీరే ముఖ్యమన్న మాట ఇంకా తేటపడుతుంది. వాటి సెన్సార్లు పట్టికల్లో చోటు దొరకనంత సాధారణమైనవి. అయినా పులి రెండు పక్కల చారలు తేటగా పడితే, ఏ పులి ఏదో కంప్యూటర్ సాయంతో విడదీస్తారు. 2018-19 జాతీయ గణనలో ఇలాంటి కెమెరాలను దేశంలో 26,838 చోట్ల పెట్టారు, 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. కెమెరా ఎంత ఎత్తున, ఏ దారి పక్కన, ఎదురెదురుగా ఎలా కట్టారన్నదే అక్కడ ఫలితాన్ని తేల్చింది.

సెన్సార్ నిజంగా పరీక్షకు నిలిచే రాత్రి మనకు ఒకటుంది, సద్దుల బతుకమ్మ. పొద్దు గూకాక చెరువుగట్టు మీద వీధిదీపం ఒకటీ అరా ఉంటుంది, ఆడవాళ్లు వలయంగా కదులుతూనే ఉంటారు. ఫ్లాష్ కొడితే తంగేడు పసుపు పాలిపోతుంది, వెనుక చెరువు నల్లగోడ అవుతుంది. చప్పట్ల చేతులు చెదరకుండా ఉండాలంటే షట్టర్ 1/125కు తగ్గకూడదు, లెన్స్ ఎఫ్/1.8లో తెరిచి ఉన్నా ఐఎస్‌ఓ 6400 దాటుతుంది. ఫోన్లలోని రాత్రి మోడ్ పది పన్నెండు బొమ్మలు కలిపి గరుకు తీసేస్తుంది కానీ, కదిలే వలయం దగ్గర తడబడుతుంది. 2005 నాటి బాడీ ఇక్కడ చేతులెత్తేస్తుంది. 2012 తర్వాతి ఫుల్‌ఫ్రేమ్ ఏదైనా పని జరుపుతుంది. నిన్నటి బాడీకీ ఇవాళ్టి బాడీకీ ఉన్న మూడో వంతు స్టాపు మాత్రం చెరువుగట్టు మీద కూడా కనపడదు. అదే డబ్బుతో ఎఫ్/1.4 లెన్స్ తెచ్చుకున్నవాడు షట్టర్ 1/200 దాకా పెంచుకోగలడు, చేతులు నిలిచిన ఫోటో అతనికే దక్కుతుంది.