రామప్ప – ధర్మసాగర్ సొరంగం: దేవాదుల మూడో దశ పూర్వాపరాలు

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మెట్ట ప్రాంతాలకు గోదావరి జలాలను తరలించే జె. చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం మూడో దశలో రామప్ప చెరువు నుంచి ధర్మసాగర్ దిశగా నిర్మించిన భూగర్భ సొరంగం అత్యంత కీలకమైనది. దీని పొడవు సుమారు 49 కిలోమీటర్లు.

పథకం ప్రధాన పంప్‌హౌస్ గోదావరి తీరాన గంగారం గ్రామం వద్ద ఉంది. ఈ గ్రామం ప్రస్తుతం ములుగు జిల్లా పరిధిలోనిది. తొలి అంచనా ప్రకారం మూడు దశల్లో కలిపి 38.16 టీఎంసీల నీటిని ఎత్తిపోయాలని నిర్దేశించారు. ఇందులో సింహభాగం మూడో దశదే. మొదటి రెండు దశలు పైపులైన్ల మీద ఆధారపడగా, మూడో దశలో రామప్ప దాటిన తరువాత సొరంగ మార్గాన్ని ఎంచుకున్నారు.

ఇంత పొడవైన సొరంగాన్ని రెండు చివరల నుంచే తవ్వుకుంటూ వెళితే ఎన్నో ఏళ్లు పడుతుంది. అందువల్ల మార్గమధ్యంలో అక్కడక్కడ నిలువు బావుల వంటి షాఫ్టులను దింపి, ఒక్కో షాఫ్టు అడుగు నుంచి పనులు సాగించారు. రాతిని పేల్చడం, శిథిలాలను పైకి చేర్చడం, ఊట నీటిని నిరంతరం తోడిపోయడం, చివరగా కాంక్రీటు లైనింగ్ వేయడం ఇందులోని ప్రధాన పనులు. షాఫ్టుల వల్ల పని వేగం పెరుగుతుంది. అయితే పైనున్న నీటికి లోపలికి దారి దొరికితే ముప్పు కూడా అక్కడే పొంచి ఉంటుంది.

2011 జులైలో అదే జరిగింది. శాయంపేట మండలంలో చలివాగు నీరు సొరంగంలోకి చొచ్చుకురావడంతో ముగ్గురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పనులకు తీవ్ర అంతరాయం ఏర్పడింది. వాగు కింది భాగం పథకం మొత్తానికే అడ్డంకిగా మారి, జాప్యానికి ప్రధాన కారణాలలో ఒకటిగా నిలిచింది.

సొరంగం పేలుళ్ల వల్ల పాలంపేటలోని రామప్ప దేవాలయానికి హాని కలుగుతుందని వారసత్వ పరిరక్షకులు అప్పట్లోనే ఆందోళన వ్యక్తం చేశారు. 1213 నాటి ఈ కాకతీయ కట్టడం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన దృష్ట్యా ఆ ఆందోళన సహేతుకమైనదే.

సొరంగం నీరు హనుమకొండ సమీపంలోని దేవన్నపేట వద్ద సర్జ్‌పూల్‌కు చేరుతుంది. అక్కడి పంపులు దానిని ధర్మసాగర్‌కు ఎత్తిపోస్తాయి. మూడు మోటార్లలో మొదటిదాన్ని 2025 మార్చిలో ప్రారంభించారు. ధర్మసాగర్ నుంచి ఈ జలాలు స్టేషన్ ఘనపూర్ మీదుగా జనగామ జిల్లాలోని అశ్వరావుపల్లి, గండిరామారం, బొమ్మకూరు వంటి జలాశయాల ఆయకట్టుకు ఆధారం కావలసి ఉంది.