సియాటెల్ కార్ ట్యాబ్ పన్నుల వివాదం

వాహనాల మీద ఏటా వసూలు చేసే పన్నులను 30 డాలర్లకు దించాలని అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సాగిన ఉద్యమానికీ, ఆ కోతను ఎదిరించిన సియాటెల్ నగర ప్రభుత్వానికీ మధ్య నడిచిన రాజకీయ, న్యాయ పోరాటం ఇది. 1999లో మొదలైన ఈ గొడవ 2020 అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. సియాటెల్‌ది పన్నుల మోజు అని ప్రత్యర్థులు ప్రచారం చేశారు గానీ, రికార్డు చూస్తే ఆ మాట నిలవదు. తమ బస్సుల కోసం ఊరివాళ్లు ఓటేసి మరీ వేసుకున్న పన్నును రాష్ట్రంలోని మిగతా ఊళ్లన్నీ కలిసి రద్దు చేయవచ్చా అన్నదే 2014 తర్వాత నగరం అడిగిన ప్రశ్న.

ట్యాబ్ అంటే

వాషింగ్టన్‌లో కారు వెనక నంబర్ ప్లేటు మూలల్లో నెల, సంవత్సరం తెలిపే చిన్న స్టిక్కర్లు అతికిస్తారు. వాటినే ట్యాబ్‌లంటారు. ఏటా డబ్బు కడితేనే కొత్త స్టిక్కర్ వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో కారు కొన్నప్పుడే జీవితకాల పన్ను ఒకేసారి కట్టేస్తాం. అది రాష్ట్ర ఖజానాకు పోతుంది, దాని రేటు మీద మున్సిపాలిటీకి ఏ అధికారమూ లేదు. వాషింగ్టన్‌లో అలా కాదు. ఏటా ఇంటికొచ్చే నోటీసులో రాష్ట్ర రుసుము ఒక వరుసలో, ప్రాంతీయ రైలు సంస్థ సౌండ్ ట్రాన్సిట్ పన్ను మరో వరుసలో, నగరం వేసుకున్న రుసుము ఇంకో వరుసలో కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లి సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ నోటీసు కొత్త కాదు. అయితే సియాటెల్ నగర రుసుము ఆ నగర పరిధిలో ఉండేవాళ్లకే పడుతుంది. సౌండ్ ట్రాన్సిట్ పన్ను మాత్రం చుట్టుపక్కల ఊళ్లకూ వర్తిస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల వివాదమంతటా చాలా కోపం వేరే వరుస మీద పుట్టి నగరం మీద పడింది.

1999: మొదటి దెబ్బ

కార్ల మీద వేసే ఆస్తి పన్నుకు బదులుగా వాషింగ్టన్ 1937లో మోటారు వాహన ఎక్సైజ్ పన్ను తెచ్చింది. 1990ల నాటికి దాని రేటు కారు విలువలో 2.2 శాతం. 20,000 డాలర్లుగా లెక్కగట్టిన కారుకు ఏటా 440 డాలర్లు. మధ్యతరగతి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. మకిల్టియో పట్టణంలో చేతిగడియారాల వ్యాపారం చేసుకునే టిమ్ ఐమన్ ఈ అసంతృప్తిని పట్టుకున్నాడు. ఓటర్ల సంతకాలతో నేరుగా చట్టం ప్రతిపాదించే పద్ధతి ఆ రాష్ట్రంలో ఉంది. దాని ద్వారా వచ్చిన 695వ ప్రతిపాదన ట్యాబ్ ధరను అందరికీ 30 డాలర్లు చేయాలంది. 1999 నవంబరులో సుమారు 56 శాతం ఓట్లతో గెలిచింది.

కోర్టులు ఆ ప్రతిపాదనను రాజ్యాంగ విరుద్ధమన్నాయి. కానీ సుప్రీంకోర్టు తీర్పు రాకముందే, 2000 వసంతంలో శాసనసభ 30 డాలర్ల ధరను తానే చట్టం చేసింది, గవర్నర్ గ్యారీ లాక్ సంతకం చేశారు. ఏటా సుమారు 75 కోట్ల డాలర్లు తెచ్చే పన్ను అలా పోయింది. అందులో పెద్ద వాటా బస్సులదే. సియాటెల్‌లో బస్సులు నడిపే కింగ్ కౌంటీ మెట్రో తన ఆదాయంలో దాదాపు మూడో వంతు కోల్పోయింది. ఆ గుంటను పూడ్చడానికి అదే ఏడాది నవంబరులో కౌంటీ ఓటర్లు అమ్మకపు పన్ను పెంచుకున్నారు. కారున్నవాడి బిల్లు తగ్గి, సబ్బు కొనేవాడి బిల్లు పెరిగింది. ఇరవై ఏళ్ల తర్వాత నగరం మళ్లీ ఇదే దారి పట్టాల్సి వచ్చింది.

2002లో ఐమన్ 776వ ప్రతిపాదన తెచ్చాడు. కింగ్ కౌంటీ ఓటర్లు తిరస్కరించినా, రాష్ట్రవ్యాప్తంగా స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. కౌంటీలు వసూలు చేసే 15 డాలర్ల స్థానిక రుసుము రద్దయింది. సౌండ్ ట్రాన్సిట్ మాత్రం తన 0.3 శాతం పన్నును చూపి బాండ్లు అమ్మి ఉంది. ఆ అప్పు తీరేదాకా, అంటే 2028 వరకు, వసూలు కొనసాగించవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే 2002 నవంబరులో సియాటెల్ ఓటర్లు నగరంలో మోనోరైలు కోసం కారు విలువలో 1.4 శాతం పన్ను వేసుకున్నారు. 877 ఓట్ల తేడాతో గట్టెక్కిన ఆ పథకం ఖర్చుల భారంతో కూలిపోయింది. 2005లో ఓటర్లే దాన్ని ముగించారు, మరుసటి ఏడాది పన్నూ ఆగిపోయింది. పన్ను వేయడమే కాదు, తీసేయడమూ సియాటెల్ ఓటర్లకు తెలుసనడానికి ఇదే సాక్ష్యం.

నగరం చేతిలోకి

ఈ కాలమంతా వాషింగ్టన్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. అధికాదాయ వర్గాల మీద 2017లో సియాటెల్ వేసిన పన్నును కోర్టులు కొట్టేశాయి. ఆస్తి పన్ను రాబడి ఏడాదికి 1 శాతానికి మించి పెరగకుండా మరో పరిమితి ఉంది, దాని వెనకా ఐమన్ ప్రతిపాదనే. ఇక బస్సుల కోసం నగరానికి ప్రధానంగా మిగిలినవి అమ్మకపు పన్ను, వాహన రుసుము. సియాటెల్ వైఖరిని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ ఇరుకును చూడాలి.

స్థానిక రవాణా ప్రయోజన జిల్లాలు ఏర్పాటు చేసి, ఓటింగ్ లేకుండానే 20 డాలర్ల వరకు వాహన రుసుము వేసుకునే వెసులుబాటును రాష్ట్రం 2007లో ఇచ్చింది. సియాటెల్ 2010లో అలాంటి జిల్లా ఏర్పరచి 2011 నుంచి 20 డాలర్లు వసూలు చేసింది. అదే ఏడాది మరో 60 డాలర్లకు అనుమతి కోరితే ఓటర్లు కుదరదన్నారు. నగరం వెనక్కి తగ్గింది.

2014 ఏప్రిల్లో బస్సుల కోతను ఆపడానికి కింగ్ కౌంటీ మొత్తానికి పెట్టిన పన్ను ఓడిపోయింది. సియాటెల్ పరిధిలో మాత్రం స్పష్టంగా గెలిచింది. కౌంటీ కాదంటే మన బస్సులు మనమే కొనుక్కుందామని మేయర్ ఎడ్ మర్రే ప్రతిపాదించారు. నవంబరులో సుమారు 62 శాతం ఓటర్లు ఔనన్నారు. 60 డాలర్ల వాహన రుసుము, 0.1 శాతం అమ్మకపు పన్ను, రెండూ కలిపి ఏటా సుమారు 4.5 కోట్ల డాలర్లు. గడువు ఆరేళ్లు. ఆ డబ్బుతో నగరం కౌంటీ మెట్రో దగ్గర అదనపు ట్రిప్పులు కొన్నది.

ఫలితం రోడ్డు మీద కనిపించింది. ఇంటినుంచి పది నిమిషాలు నడిస్తే, పది నిమిషాలకొకసారి బస్సు వచ్చే స్టాపు ఉన్న కుటుంబాలు 2015లో 25 శాతం, 2019 నాటికి దాదాపు 70 శాతం. ఇదే డబ్బులోంచి ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు ఉచిత పాసులూ ఇచ్చారు. స్థానిక పన్ను ఇంత త్వరగా ఇంత స్పష్టమైన ఫలితం చూపించడం అరుదు. దాని లోపాన్నీ చెప్పుకోవాలి. పదిహేనేళ్ల పాత కారుకూ, షోరూమ్ నుంచి నిన్న దిగిన లగ్జరీ కారుకూ నగర రుసుము ఒకటే, మొత్తం 80 డాలర్లు. పేదలకు 20 డాలర్లు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉన్నా, భారం సమానంగా పడిందనలేం.

976వ ప్రతిపాదన

2016లో రైలు విస్తరణకు ఓటర్లు ఆమోదం తెలపడంతో సౌండ్ ట్రాన్సిట్ పన్ను 0.3 నుంచి 1.1 శాతానికి పెరిగింది. 20,000 డాలర్లుగా లెక్కగట్టిన కారుకు 60 డాలర్ల చోట 220 డాలర్లు. పైగా ఆ లెక్క 1990ల నాటి పాత పట్టిక ప్రకారం జరిగేది. కొత్త కార్ల విలువను అది మార్కెట్ ధరకన్నా ఎక్కువగా చూపేది. జనం కోపంలో న్యాయముంది. శాసనసభ ఆ పట్టికను సకాలంలో సరిచేసి ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేది.

ఆ కోపమే 976వ ప్రతిపాదనకు బలమైంది. ట్యాబ్‌లు మళ్లీ 30 డాలర్లకు దిగాలి, నగరాలకు వాహన రుసుము వేసే అధికారమే పోవాలి. ఆరేళ్లలో రాష్ట్ర, స్థానిక రవాణా నిధులకు 400 కోట్ల డాలర్లకు పైగా నష్టమని రాష్ట్ర ఆర్థిక అంచనా. 2019 నవంబరు 5న సుమారు 53 శాతంతో అది గెలిచింది. సియాటెల్‌లో మాత్రం నలుగురిలో ముగ్గురు వద్దన్నారు.

మేయర్ జెన్నీ డర్కన్, నగర న్యాయవాది పీట్ హోమ్స్ ఆగలేదు. వారం తిరిగేసరికి సియాటెల్, కింగ్ కౌంటీ మరికొన్ని సంస్థలతో కలిసి కోర్టుకెక్కాయి. అలా కలిసినవాటిలో రాష్ట్రం తూర్పున జనం పలుచగా ఉండే గార్‌ఫీల్డ్ కౌంటీ రవాణా సంస్థ కూడా ఉంది. వృద్ధులను ఆసుపత్రికి చేర్చే చిన్న బస్సులు కూడా ఈ డబ్బు మీదే నడుస్తాయని చెప్పడానికి ఆ భాగస్వామ్యం ఎంతో ఉపయోగపడింది. కేసు ఆ సంస్థ పేరుతోనే చరిత్రకెక్కింది. నవంబరు చివర్లో కింగ్ కౌంటీ న్యాయమూర్తి మార్షల్ ఫెర్గూసన్ అమలు నిలిపేశారు. 2020 ఫిబ్రవరిలో ఆయనే చట్టంలో ఎక్కువ భాగం చెల్లుతుందన్నారు. స్టే మాత్రం కొనసాగింది, వసూళ్లు ఆగలేదు.

అక్టోబరు 15న రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రతిపాదనను ఏకగ్రీవంగా కొట్టేసింది. ఒక చట్టంలో ఒకే విషయం ఉండాలి, ఆ విషయం శీర్షికలో తెలియాలి అన్నది రాష్ట్ర రాజ్యాంగ నియమం. ఓటర్ల ఆమోదం పొందిన రుసుములకు మినహాయింపు ఉంటుందని బ్యాలెట్ శీర్షిక చెప్పింది. లోపలి పాఠం మాత్రం చట్టం వచ్చాక ఆమోదం పొందినవాటికే దాన్ని పరిమితం చేసింది. అంటే సియాటెల్ ఓటర్లు 2014లో ఒప్పుకున్న 60 డాలర్లు పోతాయి. మామూలు ఓటరు ఆ శీర్షిక చదివి అలా ఊహించలేడని న్యాయమూర్తి స్టీవెన్ గొంజాలెజ్ తీర్పులో రాశారు.

తీర్పు వచ్చేసరికి

సియాటెల్ గెలిచింది, కానీ ఆ విజయం ఆలస్యమైంది. 60 డాలర్ల గడువు 2020 డిసెంబరుతో ముగుస్తుంది, బ్యాలెట్ జులైలోనే ఖరారు చేయాలి. తీర్పు ఎటు పోతుందో తెలియని స్థితిలో నగర కౌన్సిల్ వాహన రుసుమును వదిలేసి, 0.15 శాతం అమ్మకపు పన్నును ఓటర్ల ముందు పెట్టింది. దాదాపు 80 శాతం ఆమోదించారు. 2021లో నగరంలో అమ్మకపు పన్ను 10.25 శాతానికి చేరింది. పేదవాడి జేబుకు ఎక్కువ చిల్లు పెట్టే పన్ను ఇదేనని కౌన్సిల్ సభ్యులకు తెలియనిది కాదు. వారికి భద్రంగా దొరికింది అదొక్కటే. కోర్టులో ఓడినా, కోత ఉద్యమం ఈ మేరకు తన పని చేసిపోయింది.

తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, 2020 నవంబరు బడ్జెట్‌లో, కౌన్సిల్ తన అధికారంలో ఉన్న 20 డాలర్ల రుసుమును 40 చేసింది. పగుళ్ల వల్ల ఆ మార్చిలో మూతపడిన వెస్ట్ సియాటెల్ వంతెన అప్పటికి అందరి నోటా ఉంది. కొత్త డబ్బును వంతెనల మరమ్మతుకే కేటాయించాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. మిగిలినవారు కాలిబాటలు, బస్సులు, సైకిల్ దారుల వాటా కోసం వాదించారు. రుసుము తర్వాత మరో 10 డాలర్లు పెరిగింది.